పందొమ్మిది పిన్నుల ఒడంబడిక

విశాఖలో జగదాంబ సెంటర్‌కి ఆ పేరు సినిమా హాలు వల్ల వచ్చింది. అలాంటి పెద్ద హాళ్లలో ఆడిన 70 ఎం.ఎం. ఫిల్ము మీద బొమ్మల పక్కనే ఆరు అయస్కాంత ధ్వని పట్టీలు ఉండేవి. ముందు నుంచీ వెనక నుంచీ శబ్దం చుట్టుముట్టిందంటే వాటి వల్లే. ఇప్పుడు ఎనిమిది చానళ్ల శబ్దాన్ని హెచ్‌డీ బొమ్మతో కలిపి ఒక్క తీగలో ఇంటి టీవీకి చేరుస్తున్న ప్రమాణం హెచ్‌డీఎంఐ.

అది 2002 డిసెంబరు 9న విడుదలైంది. అంతకుముందు 1999లో వచ్చిన డీవీఐ బొమ్మను డిజిటల్‌గానే మానిటర్‌కి చేర్చేది గానీ, శబ్దాన్ని మోసేది కాదు. ఆ పునాది మీదే హిటాచీ, మత్సుషిటా, ఫిలిప్స్, సిలికాన్ ఇమేజ్, సోనీ, థామ్సన్, తోషిబా కలిసి కొత్త ప్రమాణం రాశాయి. వాటిలో చాలావరకు బజారులో ఒకదానితో ఒకటి తలపడే కంపెనీలు. అవన్నీ ఒకే ప్లగ్గుకి ఒప్పుకోవడమే ఈ కథలో అన్నిటికన్నా గొప్ప విషయమని నేననుకుంటాను.

ఫుల్ హెచ్‌డీ తెర మీద 20,73,600 చుక్కలుంటాయి. చుక్కకి 24 బిట్ల రంగు, సెకనుకి 60 బొమ్మలు. లెక్కేస్తే సెకనుకి దాదాపు 300 కోట్ల బిట్లు! ఇవి జంట తీగల్లో వెళ్తాయి. ఒక తీగలో సంకేతం పెరిగితే రెండోదానిలో అంతే తగ్గుతుంది. బయటి విద్యుత్ అలజడి రెండిటి మీదా ఒకేలా పడుతుంది, టీవీ మాత్రం వాటి మధ్య తేడానే చదువుతుంది. అందుకే అలజడి చెల్లిపోతుంది. శబ్దానికి విడిగా తీగ లేదు. తెర మీద ఒక గీత ముగిసి ఇంకోటి మొదలయ్యేలోపు దొరికే ఖాళీలో అది ప్రయాణిస్తుంది.

ప్లగ్గు లోపలికి చూడండి, 19 పిన్నులు కనిపిస్తాయి. గుచ్చగానే 18వ పిన్ను మీదుగా సెట్‌టాప్ బాక్సు 5 వోల్టులు పంపుతుంది. టీవీ 19వ పిన్నుతో ‘ఉన్నాను’ అంటుంది. 15, 16 పిన్నుల మీదుగా టీవీ ఏ సైజు బొమ్మ చూపగలదో, ఎన్ని చానళ్ల శబ్దం పలకగలదో బాక్సు చదువుకుంటుంది. ఆపైన కాపీరైటు తాళాలు సరిచూసుకోవాలి. బొమ్మ వచ్చేముందు తెర కాసేపు నల్లగా ఉండేది అందుకే.

కేబుల్ టీవీ డిజిటల్ మార్పిడి రెండో విడతలో, దేశంలోని 38 నగరాల్లో విశాఖ ఒకటి. గడువు 2013 మార్చి 31. సెట్‌టాప్ బాక్సులైతే వచ్చాయి గానీ, మామూలు బాక్సుల్ని పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ తీగతోనే టీవీకి తగిలించేవారు. ఇంటిదాకా డిజిటల్‌గా వచ్చిన ప్రసారం ఆఖరి మీటరులో అనలాగ్ అయిపోయేది. హెచ్‌డీ బాక్సుకి హెచ్‌డీఎంఐ తీగ బిగించినవాళ్లకే ఆ లోటు తీరింది.

మొదటి హెచ్‌డీఎంఐ ప్రమాణం సెకనుకి 495 కోట్ల బిట్లు మోసేది. 2017లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.1 మోసేది 4,800 కోట్లు. అయినా ప్లగ్గు ఆకారం మారలేదు.

బంగారు పూత ఉన్న తీగతో బొమ్మ మెరుగవుతుందని చెబితే నమ్మకండి. ఉప్పుగాలి తగిలే బీచ్ రోడ్డు ఇళ్లలో పిన్ను చిలుము పట్టకుండా ఆ పూత పనికొస్తుంది, అంతవరకే. 4కే టీవీ ఉంటే పెట్టె మీద ‘ప్రీమియం హై స్పీడ్’ లేదా ‘అల్ట్రా హై స్పీడ్’ ముద్ర చూసి, కావలసినంత పొడవే కొనుక్కోండి.