అడవిపంది బరువును కొలతటేపుతో ఎట్లు తెలిసికొందురు?

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో పంటచేలను పాడుచేయు అడవిపందిని ప్రభుత్వానుమతితో వేటాడినపుడు, దాని బరువును గూర్చి చూపరులు తలకొక మాట చెప్పుదురు. నిక్కిన మెడవెండ్రుకలును, ఎత్తైన మూపును కన్నులను మోసగించుటయే యిందులకు కారణము.

త్రాసు లేనిచోట, ముందుకాళ్ల వెనుక ఛాతి చుట్టుకొలతను, చెవుల నడుమనుండి తోక మొదలు వరకు గల పొడవును మీటర్లలో కొలిచి, చుట్టుకొలత వర్గమును పొడవుతోను, పిదప 69.3 తోను గుణించినచో బరువు కిలోలలో వచ్చును. చుట్టుకొలత 1 మీటరు, పొడవు 1.2 మీటర్లయినచో సుమారు 83 కిలోలు.

ఎందుకనగా, దేహము రమారమి స్థూపాకారము. చుట్టుకొలత వర్గము అడ్డుకోత వైశాల్యమును, దానిని పొడవుతో గుణించిన లబ్ధము ఘనపరిమాణమును సూచించును. ఈ సూత్రము పెంపుడు పందులకై యేర్పడినది గావున, వెనుకభాగము సన్నమైన అడవిపంది విషయమున ఇది అంచనా మాత్రమే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అనుమతిలేని వేట నేరమని బాలలు తప్పక యెరుగవలెను.