దేవుని అడుగదగినదేమి?

దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదము పట్టణములలో పుట్టి పట్టణములలోనే ముగుస్తుంది. ఖమ్మము దాటి కొత్తగూడెము మీదుగా భద్రాచలము వైపు సాగే అడవి అంచు పల్లెలలో ఆ వాదమునకు తావు లేదు. దేవుడున్నాడన్నది అక్కడ అందరూ ఒప్పుకున్న సంగతి. ఆయన మనకేమి చేస్తాడు, ఎప్పుడు చేస్తాడు, చేయకపోతే మనమేమి చేయాలి అన్నవే అక్కడి ప్రశ్నలు. ఈ ప్రశ్నలకు ఆ ప్రాంతపు క్రైస్తవులు తమ నిత్యజీవితములో చెప్పుకునే సమాధానము ఒక్క క్రైస్తవులే గాక అందరూ ఆలోచింపదగినది.

ఈ సీమకు క్రైస్తవము వచ్చిన త్రోవలు రెండు. మొదటిది గోదావరి. 1860 దశకములో ఎగువ గోదావరిని పడవల రాకపోకలకు అనువుగా చేయదలచి దుమ్ముగూడెము వద్ద పనులు సాగించిన ఇంజనీరు హేగ్ దొర, అక్కడి కోయలను చూచి వారి నడుమ మతప్రచారమునకు పూనుకున్నాడు. పడవల పథకము మూలపడినది గాని, ఆయన నాటిన విత్తనము నిలిచినది. అనంతరము జాన్ కెయిన్ అనే మిషనరీ దశాబ్దముల తరబడి అక్కడ పనిచేసి, కోయల ఆచారములను గురించి విలువైన వ్యాసములు వ్రాశాడు. పంతొమ్మిదవ శతాబ్దములోనే కోయభాషలో సువార్త భాగములు అచ్చయినవి.

రెండవ త్రోవ దోర్నకల్లు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు స్వదేశీయుల ధనముతో, స్వదేశీయుల చేతులతోనే పనిచేయాలని ఒక మిషనరీ సంఘమును స్థాపించి, నిజాము రాజ్యములోని దోర్నకల్లును తమ కార్యక్షేత్రముగా ఎన్నుకున్నారు. ఆ సంఘ స్థాపకులలో ఒకరైన వేదనాయగము శామ్యూల్ అజరయ్య తెలుగు నేర్చి, 1909లో అక్కడికే తరలివచ్చారు. 1912లో కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘమున ప్రథమ భారతీయ బిషప్పు అయినారు. గుడి స్తంభముల పోకడ, మసీదు గుమ్మటముల పోకడ కలిపి కట్టించిన దోర్నకల్లు దేవాలయము 1939లో ప్రతిష్ఠ జరుపుకున్నది. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు.

ఈ రెండు త్రోవలవెంట వచ్చి చేరినవారిలో పెక్కుమంది మాల మాదిగ కూలీలు, చిన్న కమతగాండ్రు, కొందరు కోయలు. వారి కోరికలు ఎటువంటివి? వానలు అదనుకు పడాలి. బిడ్డకు చలిజ్వరము తగ్గాలి. ఎద్దు ఈ ఏడు గడవాలి. కుర్రవానికి సింగరేణి గనిలో ఉద్యోగము దొరకాలి. సాహుకారు బాకీ తీరాలి. ఆదివారపు ఆరాధనలో విన్నపములు చెప్పుకోండని పాదిరిగారు అనగానే లేచే గొంతులలో ఆత్మ రక్షణ మాట తక్కువ, అన్నవస్త్రముల మాట ఎక్కువ.

ఇది చూచి పండితులు నవ్వుతారు. మొక్కుబడి వ్యాపారమునకు శిలువ గుర్తు తగిలించినారని ఆక్షేపిస్తారు. ముత్యాలమ్మకు కోడిని మొక్కే చేయి ఇప్పుడు చర్చికి కానుక మొక్కుతున్నది, మారినది పేరే కదా అంటారు. 1930 దశకములో గుంపులుగా జరిగిన మతాంతరములను గురించి గాంధీజీకి, అజరయ్యగారికి నడుమ తీవ్రమైన భేదాభిప్రాయము వచ్చినప్పుడు కూడా ప్రశ్న ఇంచుమించు ఇదే: ఈ పేదలు దేవుని కోరి వచ్చినారా, మేలు కోరి వచ్చినారా?

ప్రశ్న తేలికైనది కాదు. ఐతే ఆకలిగొన్నవాడు అన్నము కోరడము ఆధ్యాత్మికము కాదని శాసించే హక్కు కడుపు నిండినవానికి ఉన్నదా? క్రీస్తు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలోనే అనుదినాహారము చోటు చేసుకున్నది. కాకపోతే అక్కడ అడిగేది ‘నాకు’ కాదు, ‘మాకు’. నా చేనికి మాత్రమే వాన కావాలని ఆ ప్రార్థన చేసేవాడు అడుగలేడు. పొరుగువాని చేను తడవకుండా తన చేను తడిసే ఉపాయము దేవుని దగ్గర కూడా లేదు!

అజరయ్యగారు ఈ కిటుకు బాగుగా ఎరిగినవారు. అడగవద్దని ఆయన ఎవరినీ మందలించలేదు. అడిగే చేతికి ఇవ్వడము కూడా నేర్పారు. క్రైస్తవుల దాతృత్వమును గురించి ఆయన ఒక పుస్తకమే వ్రాశారు. ఆయన మేత్రాసనములో కోత పండుగ గొప్ప ఉత్సవమైనది. ధాన్యము, కోళ్లు, గుమ్మడికాయలు నెత్తిన పెట్టుకుని జనము దేవాలయమునకు నడిచేవారు. కొత్త పంట దేవతకు చూపనిదే నోట పెట్టని కోయల కొత్త పండుగకు ఇది దూరపు చుట్టము కాదు. ఎసట్లో బియ్యము పోసేముందు ఒక పిడికెడు తీసి చర్చి కుండలో వేసే ఇల్లాలి అలవాటు కూడా ఇటువంటిదే. తరతరములుగా పుచ్చుకునేవాడని పిలిపించుకున్న మనిషి మొదటిసారి దాత అయినాడు. దేవుని వద్ద అతడు పొందిన మేలులలో ఇది చిన్నది కాదు.

మరి అడిగినది దక్కనప్పుడో? 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు పొంగినది. 2022 జూలైలో మరల 71 అడుగులు దాటినది. గుడిసెకు మతము లేదు. రామా అన్నవాని ఇల్లూ మునిగినది, ప్రభువా అన్నవాని ఇల్లూ మునిగినది. విశ్వాసమునకు అసలు పరీక్ష ఇటువంటి రోజున వస్తుంది.

ఇక్కడ బైబిలు చదువరి ఒక సంగతి గమనించాలి. తన దేహములోని ముల్లును తీసివేయుమని పౌలు మూడుమార్లు వేడుకున్నాడు. అది తీయబడలేదు, దానిని భరించే కృప మాత్రము దక్కినది. గెత్సేమనే తోటలో స్వయముగా క్రీస్తే ఆ గిన్నె తన నుండి తొలగిపోవాలని కోరినాడు, తొలగలేదు. కోరిక తీరని ఒక ప్రార్థనే ఆ మతమునకు నడిబొడ్డున ఉన్నది. కనుక ప్రార్థన ఫలింపనివానిని విశ్వాసహీనుడని నిందించడము ఆ గ్రంథమునకే విరుద్ధము.

నిష్ఠురమాడడము కూడా భక్తిలో భాగమే. యోబు వాదించినాడు. కీర్తనల గ్రంథములో స్తుతులతోపాటు మొరలు కోకొల్లలు. ఈ మాట భద్రాద్రి వాసులకు వేరే చెప్పనక్కరలేదు. గుడి కట్టించి గోలకొండ చెరలో మగ్గిన కంచెర్ల గోపన్న, చేయించిన నగలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి రామునితో కలహమాడలేదా? కలహమాడేవాడు వదలిపోయినవాడు కాదు.

ఈ మధ్య మాత్రము ఒక పెడధోరణి ప్రబలుతున్నది. మందు మానివేయుము, ప్రార్థన చాలును అని బోధించే స్వస్థత సభలు పల్లెపల్లెకూ వస్తున్నవి. మలేరియా తిరుగాడే మన్యములో ఈ బోధ ప్రాణములతో చెలగాటము. జ్వరము తగ్గకపోతే తప్పు రోగి విశ్వాసముది. తగ్గితే ఘనత బోధకునిది. చలిజ్వరముతో వణికే బిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లిపై, నీకు విశ్వాసము చాలలేదన్న నింద కూడా వేయడము కంటె క్రూరమైన పని వేరొకటి లేదు. మొదటితరము మిషనరీలు ఒక చేత బైబిలు, ఒక చేత మందుసీసా పట్టుకుని వచ్చిన సంగతి ఈ బోధకులు మరచినారు. ఆ ఇరువురిలో దేవుని ఎక్కువ నమ్మినదెవరు?

వాన కురియాలని అడగవచ్చును. చెరువుగట్టు కట్టుకోవడమూ మానరాదు. రోగము తగ్గాలని అడగవచ్చును. ఆసుపత్రి త్రోవా పట్టాలి. అడిగినది రానినాడు, ఆ రానితనమును మోసే బలమునూ, తనవలెనే మునిగిన పొరుగువానికి చేయి అందించే మనసునూ అడగాలి. అటువంటి కోరిక అడవి అంచు పల్లెలో ఒక ముసలమ్మ నోట వెలువడినా, దానిని వ్యాపారమనడానికి ఎంతటి పండితునికీ నోరు రాదు.