వాల్వ్ ఒక్కటే కాదు.. గుండె పై గది ఎలా పనిచేస్తోందో కూడా అడగండి

ఎకో రిపోర్టు చేతికి రాగానే చాలామంది అడిగేది ఒక్కటే: "డాక్టర్ గారూ, వాల్వ్ ఎంత మూసుకుపోయింది?" మిట్రల్ వాల్వ్ సన్నబడినవాళ్లు ఇంకో మాట కూడా అడగాలి: "నా ఎడమ పై గది ఎలా ఉంది?"

అసలేం జరుగుతుంది?

ఊపిరితిత్తుల్లో శుద్ధి అయిన రక్తం ముందు గుండె ఎడమ పై గదికి, అంటే ఎడమ కర్ణికకు చేరుతుంది. అక్కడి నుంచి మిట్రల్ వాల్వ్ గుండా కింది గదిలోకి దిగుతుంది. మన దేశంలో ఈ వాల్వ్ సన్నబడటానికి ప్రధాన కారణం చిన్నప్పుడు వచ్చే రుమాటిక్ జ్వరం. గొంతునొప్పి, కీళ్లనొప్పులు వచ్చి తగ్గిపోతాయి. వాల్వ్‌కు తగిలిన దెబ్బ మాత్రం ఏళ్ల తర్వాత బయటపడుతుంది. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన దారి 1.5కి, అంతకన్నా కిందికి తగ్గితే జబ్బు తీవ్రమైనట్టే.

ఫంక్షన్ హాల్లో భోజనాలయ్యాక ఒక్క తలుపు రెక్కే తెరిచి ఉంటే లోపల తోపులాట ఎలా ఉంటుంది? పై గదిలోనూ అంతే. ఒత్తిడి పెరిగి గది సాగిపోతుంది, గోడ గట్టిపడుతుంది. ఆ ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తులదాకా పోవడం వల్లే ఆయాసం.

మూడు పనులు

పై గది ముందు రక్తాన్ని నింపుకుంటుంది, వాల్వ్ తెరుచుకోగానే కిందికి పోనిస్తుంది, చివర్లో తాను ముడుచుకుని మిగిలింది నెడుతుంది. మామూలు ఎకోలో గది సైజు, అందులో పట్టే రక్తం లెక్కిస్తారు. 'స్ట్రెయిన్' అనే కొత్త పద్ధతిలో గోడ ఎంత శాతం సాగుతుందో కంప్యూటర్ కొలుస్తుంది. ఆరోగ్యవంతుల్లో ఇది సగటున 40 శాతం దగ్గర ఉంటుంది. వాల్వ్ సన్నబడినవాళ్లలో బాగా తగ్గుతుంది. మెషిన్‌ను బట్టి అంకె మారుతుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే చూసి భయపడొద్దు.

ఎందుకంత ముఖ్యం?

ఇద్దరికి వాల్వ్ దారి ఒకేలా ఉన్నా పై గది ఒకేలా ఉండకపోవచ్చు. బాగా దెబ్బతిన్న గదిలో గుండె లయ తప్పే ముప్పు ఎక్కువ. దీన్నే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అప్పుడు గది ముడుచుకోదు, వణుకుతుంది. రక్తం నిలిచి గడ్డ కడుతుంది. అది మెదడుకు పోతే పక్షవాతం. అందుకే బెలూన్‌తో వాల్వ్ తెరిచే ముందు గొంతులోంచి చేసే ఎకోతో గడ్డ ఉందా అని చూస్తారు.

లయ తప్పినవాళ్లు రక్తం పలచబడే మందు సొంతంగా ఆపకూడదు, మార్చకూడదు. రుమాటిక్ వాల్వ్ జబ్బుతో లయ తప్పినవాళ్లపై చేసిన ఇన్విక్టస్ అధ్యయనం 2022లో వెలువడింది. అందులో కొత్త మాత్ర రివరోక్సాబాన్ కన్నా వార్ఫరిన్ లాంటి పాత మందులే మేలని తేలింది. వీటికి ఐఎన్ఆర్ రక్తపరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోవాలి.

గర్భం దాల్చాక ఒంట్లో రక్తం పెరిగి, అప్పటిదాకా దాగిన జబ్బు బయటపడొచ్చు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, గుండెదడ ఉంటే "నీరసంలే" అని వదిలేయకండి. పాత ఎకో రిపోర్టులన్నీ దాచి ప్రతిసారీ తీసుకెళ్లండి. గది పెరుగుతోందా లేదా అన్నది వాటిని పక్కపక్కన పెట్టి చూస్తేనే డాక్టర్‌కు తెలుస్తుంది.