చెడిన ర్యామ్‌తో ఆపరేటింగ్ సిస్టమ్ ఏం చేయాలి?

కంప్యూటర్ ర్యామ్ చెడిందంటే చిప్ మొత్తం కాలిపోయిందనే కాదు. కోట్లాది బిట్లలో ఒక్కటి తిరగబడినా చాలు. పాణ్యం మీసేవ కేంద్రంలో ఒక దరఖాస్తులో పొలం 1 ఎకరం అని టైపు చేశారనుకుందాం. ఆ అంకె మెమరీలో 00110001గా ఉంటుంది. కుడి నుంచి నాలుగో బిట్ మారితే 00111001, అంటే 9. ఎకరం కాస్తా తొమ్మిదెకరాలవుతుంది. తెర మీద ఏ హెచ్చరికా రాదు. 2003లో బెల్జియంలోని స్కార్‌బీక్‌లో ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు అదనంగా లెక్కకొచ్చాయి. ఒక్క బిట్ తిరగబడటమే అందుకు కారణమని నిపుణులు భావించారు.

ఇది అరుదేమీ కాదు. గూగుల్ సర్వర్లపై 2009లో వెలువడిన అధ్యయనంలో ఏటా 8 శాతానికి పైగా ర్యామ్ మాడ్యూళ్లలో తప్పులు కనిపించాయి. సర్వర్లలో ఈసీసీ మెమరీ ఉంటుంది. ఒక బిట్ తప్పును అదే దిద్దుకుంటుంది, రెండైతే పట్టిస్తుంది. దీనికి మూలం 1950లో రిచర్డ్ హామింగ్ ప్రచురించిన కోడ్. మామూలు పీసీల్లో సాధారణంగా ఈసీసీ ఉండదు.

ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీని 4 కేబీల పేజీలుగా పంచుతుంది. 8 జీబీ ర్యామ్‌లో అలాంటివి సుమారు 21 లక్షలు. చౌడు పడిన మడిని వదిలేసి మిగతా పొలం సాగుచేసినట్టు, చెడ్డ పేజీని ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడితే సరిపోతుంది. హార్డ్‌వేర్ తప్పును పట్టించినప్పుడు ఇలా చేసే ఏర్పాటు లైనక్స్‌కు 2009లో వచ్చింది. చెడిన పేజీలో ఉన్నది డిస్క్‌లోనూ ఉంటే మళ్లీ చదువుకుంటుంది. ఒక ప్రోగ్రామ్‌కే చెందిన సమాచారమైతే ఆ ప్రోగ్రామ్‌ను మాత్రమే ఆపుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్ సొంత మెమరీ అయితే యంత్రాన్నే నిలిపేస్తుంది. తప్పుడు లెక్కతో నడవడం కన్నా ఆగిపోవడమే మేలు.

లోపం ఎక్కడంటే, రీస్టార్ట్ చేయగానే లైనక్స్ చెడ్డ పేజీల జాబితాను మరిచిపోతుంది. చెడ్డ చోట్లను వాడేవారే బూట్ సెట్టింగుల్లో రాసిపెట్టాలి. విండోస్ మాత్రం జాబితాను దాచుకోగలదు. జాబితాను దాచుకునే పని ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అయినా తనంత తానే చేయాలి, చేసిన సంగతి వాడేవారికి చెప్పాలి.

కంప్యూటర్ పదే పదే ఆగిపోతుంటే ఫార్మాట్ కొట్టించడానికి ముందు విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడిపి చూడండి. తప్పు కనిపిస్తే ఫైళ్లు కాపీ తీసుకుని ర్యామ్ మార్పించండి.