రాతికి ఊరెక్కడ? రాకాసికి మెడెందుకు?

ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ అనే పురాతన రాతివలయం నడిమధ్యలో, కూలిన పెద్దరాళ్ల కింద, మట్టిలో సగం కూరుకుపోయిన రాయి ఒకటుంది. ఆల్టర్ స్టోన్ అంటారు. సుమారు అయిదు మీటర్ల పొడవు, ఆరు టన్నుల బరువు. అక్కడి నీలిరాళ్లు వేల్స్‌లోని ప్రెసెలి కొండలవని 1923లో భూగర్భ శాస్త్రవేత్త హెర్బర్ట్ థామస్ తేల్చాడు. దాంతో ఇదీ వేల్స్‌దే అయ్యుంటుందని చాలాకాలం అనుకున్నారు. 2024లో లెక్క మారింది. ఇది స్కాట్లండ్ ఈశాన్య ప్రాంతపు రాయి. అక్కణ్నుంచి ఇక్కడికి కనీసం 750 కిలోమీటర్లు.

ఎలా తెలిసింది? రాయిని కదపలేదు. ఎప్పుడో ఊడిన చిన్న ముక్కలు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి, అవే సాక్ష్యం చెప్పాయి. ఆల్టర్ స్టోన్ ఇసుకరాయి. ఇసుకరాయి అంటే పాత కొండలు అరిగి, ఆ ఇసుకను ఏరులు మోసుకొచ్చి ఒకచోట చేరిస్తే అది కోట్ల ఏళ్లలో గట్టిపడడమే. కాబట్టి ప్రతి రేణువుకూ తాను పుట్టిన కొండ వయసు ఉంటుంది. అందులో జిర్కాన్ అనే ఖనిజం మరీ నమ్మకస్తురాలు. స్ఫటికంగా ఏర్పడేటప్పుడు యురేనియాన్ని రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. ఆ యురేనియం ఒక లెక్క ప్రకారం మెల్లగా సీసంగా మారుతుంది. యురేనియం-238లో సగం మారడానికే దాదాపు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. లేజర్‌తో రేణువు మీద వెంట్రుకంత గుంట పెట్టి, లేచిన ధూళిలో సీసమెంత, యురేనియమెంత అని కొలిస్తే వయసు తెలుస్తుంది. ఆస్ట్రేలియాలోని కర్టిన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఆంథొనీ క్లార్క్ బృందం జిర్కాన్‌తో పాటు ఎపటైట్, రూటైల్ అనే ఖనిజాల రేణువులనూ ఇలాగే కొలిచింది. వచ్చిన వయసుల వరుస వేల్స్ రాళ్లతో కుదరలేదు, స్కాట్లండ్‌లోని ఆర్కేడియన్ బేసిన్ ఇసుకరాళ్లతో కుదిరింది. సుమారు నాలుగున్నర వేల ఏళ్ల కిందటి మనుషులు దాన్ని పడవలో తెచ్చారా, నేల మీద లాక్కొచ్చారా అన్నది వేరే ప్రశ్న. దానికి రేణువులు జవాబు చెప్పలేవు.

ఆ బేసిన్ పరిధిలోనే ఆర్క్నీ దీవులున్నాయి. 1808లో అక్కడి స్ట్రోన్సే దీవి ఒడ్డుకు ఓ కళేబరం కొట్టుకొచ్చింది. కొలిస్తే 55 అడుగులు. పొడవాటి మెడ, చిన్న తల, వెన్నంతా జూలు, ఆరు కాళ్లు! ఎడిన్‌బరో పండితులు కొత్త సముద్ర సర్పమని దానికి లాటిన్ పేరు కూడా పెట్టేశారు. లండన్‌లో శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు ఎవరార్డ్ హోమ్ మాత్రం వెన్నుపూసలు చూసి, ఇది బాస్కింగ్ షార్క్ అనే పెద్ద సొరచేప అన్నాడు.

సొరచేపకు మెడ ఎందుకొచ్చింది? కుళ్లేటప్పుడు ముందుగా దవడలు, మొప్పల కమానులు ఊడిపోతాయి. మిగిలేది చిన్న కపాలం, దాని వెనక సన్నని వెన్ను. తోకలో వెన్ను పై భాగంలోకే సాగుతుంది కనక కింది భాగం రాలిపోయి, పాము తోకలా కనిపిస్తుంది. వీపు మీది రెక్క పీచులుపీచులై జూలవుతుంది. రెండు జతల రెక్కలకు మగచేప సంభోగాంగాలు రెండు కలిపితే ఆరు కాళ్లు. ఒడ్డున చూసినవాళ్లు అబద్ధమాడలేదు. ఉన్నదే చెప్పారు. వాళ్లను ఎగతాళి చేసే హక్కు మనకు లేదని నా నమ్మకం.

1977లో న్యూజిలాండ్ దగ్గర జపాన్ చేపల ఓడ జుయియో మారు వలలో ఇలాంటిదే పడింది. ఫొటోలు చూసి, డైనోసార్ల కాలపు ప్లీసియోసార్ బతికే ఉందన్నారు. పట్టిన చేపలు పాడవుతాయని కళేబరాన్ని నీళ్లలో వదిలేశారు, అయితే అంతకుముందు రెక్క నుంచి కొన్ని పీచులు తీసుంచారు. వాటిలోని అమైనో ఆమ్లాలు బాస్కింగ్ షార్క్ పీచుతో సరిపోయాయి. ఆ కాసిని పీచులు లేకపోతే ఫొటోలు పట్టుకుని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉండేవాళ్లం.

స్ట్రోన్సే విషయంలో ఒక్క ముడి మిగిలింది. బాస్కింగ్ షార్క్ 40 అడుగులు దాటదంటారు, కొలతేమో 55. కొలిచిన తీరులో తేడానా, నిజంగానే అసాధారణమైన చేపా? వెన్నుపూసలు కొన్ని ఎడిన్‌బరో మ్యూజియంలో ఉన్నాయి. పూర్తి కళేబరం మాత్రం అప్పుడే తుఫానుల పాలైంది.