మూలుగ మార్పిడి – నోటిపూత

నోరు పూసినచో 'వేడి చేసినది' అని మజ్జిగ త్రాగి ఊరకుండుట మనకు అలవాటు. కాని దాత మూలకణములను ఎక్కించుకొని రక్త కేన్సరు నుండి బయటపడిన వారి విషయమున ఆ మాట చెల్లదు. ఈ చికిత్స 1983లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలోను, 1986లో మన సీమకు పొరుగుననున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోను ఆరంభమైనది. అట్టి రోగులకు వచ్చు నోటిపూత ముఖ్యముగా రెండు విధములు.

మొదటిది మందుల వలన కలుగును. మార్పిడికి ముందు రోగి మూలుగను నశింపజేయుటకు తీవ్రమైన మందులు ఇచ్చెదరు. అవి వేగముగా విభజన చెందు కణములన్నిటిని దెబ్బతీయును. నోటి లోపలి పొర అట్టిదే గనుక ఒకటి రెండు వారములలో పుండ్లు పడును. దాత కణముల దూకుడును అణచుటకు పలువురికి ఇచ్చు మెథోట్రెక్సేటు ఈ బాధను మరికొంత పెంచును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మందులలో ఇదియొకటి. కొత్త మూలుగ పాదుకొని తెల్లకణములు పెరిగిన పిదప ఈ పుండ్లు సాధారణముగా మానిపోవును.

రెండవది తరచుగా కొన్ని నెలల పిదప బయటపడును. దాత నుండి వచ్చిన లింఫోసైట్లు రోగి శరీరమునే పరాయిదిగా ఎంచి దాడి చేయును. దీనినే గ్రాఫ్ట్ వర్సస్ హోస్ట్ వ్యాధి అందురు. ఆ కణములను పూర్తిగా అణచివేయరాదా యని అడుగవచ్చును. దాగియున్న కేన్సరు కణములను వెదకి చంపునవి కూడ అవియే! వ్యాధి తిరుగబెట్టినవారికి అదే దాత లింఫోసైట్లను మరల ఎక్కించి మేలు కలిగించవచ్చునని 1990లో జర్మనీ వైద్యుడు కోల్బ్, ఆయన సహచరులు ప్రకటించిరి. అయితే అట్లు ఎక్కించినపుడు ఈ దాడియు పెరుగవచ్చును. మేలును నిలుపుచు కీడును తగ్గించుటయే వైద్యునికి కత్తిమీద సాము.

ఈ రెండవ రకమున బుగ్గల లోపల తెల్లని వలవంటి గీతలు, ఎర్రదనము, పుండ్లు కనిపించును. లాలాజలము తగ్గి నోరెండును. పండ్లు త్వరగా పుచ్చును. కొందరికి నోరు పూర్తిగా తెరుచుకొనదు. సంగటిలోనికి గొడ్డుకారము నంజుకొను మన సీమవారికి అన్నము ముద్దయే పరీక్షయగును. తిండి తగ్గి రోగి చిక్కిపోవును. సంవత్సరముల పిదప నోటి కేన్సరు వచ్చు ప్రమాదమును హెచ్చును.

కావున మార్పిడికి ముందే పుచ్చుపండ్లకు చికిత్స చేయించవలెను. తరువాత మెత్తని బ్రష్షు, ఫ్లోరైడు పేస్టు వాడుచు, తరచుగా నీటితో నోరు తడుపుకొనవలెను. వైద్యుడు వ్రాసిన స్టెరాయిడు ద్రావణమును పుక్కిలించినచో ఉపశమనము కలుగును. అట్టి మందుల వలన నోట బూజు సోకవచ్చును గనుక స్వంత వైద్యము తగదు. పొగాకు, గుట్కా పూర్తిగా మానవలెను. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల కలదు. నోటి పరీక్షకు ప్రతిసారి దూరము పోనక్కరలేదు. అయితే పన్ను తీయించుటకు ముందు మార్పిడి చేసిన వైద్యులను సంప్రదించుట అవసరము.

విద్యార్థి మిత్రులారా! అట్టివారు మీ యింటనో, వీధిలోనో ఉన్నచో, వారు కారము వద్దన్నపుడు బలవంతపెట్టకుడు. మానని పుండును చూపించుకొమ్మని చెప్పుడు. ఆ ఒక్క మాట వారికి గొప్ప సాయము కాగలదు.