ముందు యుద్ధం, తర్వాత నమస్కారం

అంతరిక్ష సామ్రాజ్యాల గేముల్లో మన మీదికి దండెత్తే గ్రహాంతరవాసుల బుర్రలో ఏముంది? మూత తీసి చూస్తే కనిపించింది ఇదీ.

'ఏఐ గురించి అందరూ రాసేశారు, మనం గేముల్లో ఏఐ గురించి రాద్దాం' అన్నారు ఎడిటర్ గారు. టూత్‌బ్రష్షు మీద కూడా ఆ రెండక్షరాలు అచ్చేసి అమ్ముతున్న రోజులివి. ఆ మాట వింటే నాకు ముందు కలిగేది అనుమానమే. అందుకే కంపెనీల ప్రచారం జోలికి పోకుండా, లోపల ఏం రాసి ఉందో ఎవరైనా విప్పి చదువుకోగలిగిన గేమ్ కోసం వెతికాను. అలా దొరికింది 'ఫ్రీఓరియన్'.

దీనికి డబ్బులు కట్టక్కర్లేదు. ఔత్సాహికులు ఖాళీ వేళల్లో కూర్చుని రెండు దశాబ్దాలకు పైగా రాస్తూ వస్తున్న గేమ్ ఇది. వెర్షన్ నంబరు ఇంకా ఒకటి దాకా రాలేదు. వాళ్లకి తొందరా లేదు. ఆట మొదలయ్యేసరికి మీ చేతిలో ఒక సొంత గ్రహం, దారులు వెతికే స్కౌట్ ఓడలు, వలస జనాన్ని మోసుకెళ్లే ఓడ, ఒకటీ అరా యుద్ధనౌకలు ఉంటాయి. చుట్టూ చీకటి. నక్షత్రం నుంచి నక్షత్రానికి దారులు వెతుక్కుంటూ, గ్రహాలు కలుపుకుంటూ, పరిశోధనకు ఎంత, ఫ్యాక్టరీలకు ఎంత అని తేల్చుకుంటూ పోవాలి. జాతులు చిత్రంగా ఉంటాయి. ఛాటోలకు నక్షత్రం ఎంత వెలుగునిస్తే జనాభా అంత పెరుగుతుంది. స్లైలు వాయుగ్రహాల మీద తప్ప బతకరు. ఎగాసెమ్‌లు కయ్యానికి ముందుంటారు, పరిశోధనకొస్తే అంతంత మాత్రం. వీళ్లలో మీరు ఎంచుకున్న జాతి మీది. చీకట్లో ఎదురయ్యే మిగతా సామ్రాజ్యాలను నడిపేది కంప్యూటర్.

ఆ కంప్యూటర్ ఎంత దుడుకుగా ఉండాలో ముందే చెప్పొచ్చు. బిగినర్, టర్టిల్, కాషస్, మోడరేట్, అగ్రెసివ్, మానియాకల్ అని ఆరు మెట్లు. పసివాడితో మొదలై పిచ్చెత్తినవాడితో ముగుస్తాయి.

ఇక్కడిదాకా ఏ గేమ్ గురించైనా రాయొచ్చు. ఫ్రీఓరియన్ ప్రత్యేకత దాని ఫైళ్లలో ఉంది. గేమ్ అసలు యంత్రమంతా సీ ప్లస్ ప్లస్‌లో రాసి, ప్రత్యర్థుల ఆలోచనను మాత్రం పైథాన్‌లో రాసి పక్కన పెట్టారు. గేమ్‌తో పాటే ఆ ఫైళ్లూ మీ కంప్యూటర్లోకి వస్తాయి. నోట్‌ప్యాడ్‌తో తెరవొచ్చు. వలసలకు ఒక ఫైల్, దండయాత్రకు ఒకటి, పరిశోధనకు ఒకటి, సైన్యానికి ఒకటి. మన సచివాలయంలో శాఖల్లా దేని గది దానిదే. వాటిలో అన్నిటికంటే చిన్నవాటిలో ఒకటి విదేశాంగం. నాకు కావలసిన కథ అక్కడే దొరికింది.

మొదటి టర్న్ మొదలవగానే కంప్యూటర్ సామ్రాజ్యం చేసే పని ఏమిటో తెలుసా? కనిపించినా కనిపించకపోయినా, గెలాక్సీలో ఉన్న ప్రతి సామ్రాజ్యం మీదా యుద్ధం ప్రకటిస్తుంది. ఇంకా ఎవరూ ఎవరినీ చూడలేదు, సరిహద్దు అన్నదే లేదు. యుద్ధం ప్రకటించిన వెంటనే ఆటగాడికి మర్యాదగా పలకరింపు పంపుతుంది. తన పేరు చెప్పుకుంటుంది, పక్కనే తన స్వభావం ఏ మెట్టుదో కూడా చెబుతుంది. 'నేను ఫలానా, నేను దుడుకువాణ్ణి' అని ముందే చెప్పి కొట్టుకునే శత్రువు నిజజీవితంలో దొరకడు.

ఇప్పుడు రాయబారం. మీ ఓడలు రెండు వైపులా చిక్కుకున్నాయి, కాస్త ఊపిరి తీసుకోవాలి, శాంతి ప్రతిపాదన పంపుతారు. అవతలి నుంచి ముందు 'అందింది' అన్న ధోరణిలో ఒక మాట, తర్వాత ఒప్పుకోలో తిరస్కారమో వస్తాయి. ఒక్కోసారి మెత్తగా, ఒక్కోసారి ఈసడింపుగా. చదివితే అవతల ఎవరో కుర్చీలో వెనక్కి వాలి, మీసం దువ్వుకుంటూ చెప్పించినట్టే ఉంటుంది. ఆ మాటలన్నీ ముందే రాసిపెట్టిన జాబితాల్లోవి. మెత్తని జవాబులకు ఒక జాబితా, కటువైన జవాబులకు ఇంకొకటి. స్వభావం మోడరేట్ లోపు అయితే మొదటిది, దాటితే రెండోది. అందులోంచి ఏదో ఒకటి లాటరీలా తీసి పంపుతుంది.

జవాబు మాటల సంగతి సరే, నిర్ణయం ఎలా జరుగుతుంది? కోడ్‌లో దాని పేరు 'వైఖరి'. మైనస్ పది నుంచి పది దాకా ఒక అంకె. సున్నా దాటితే సంధి, లేకపోతే లేదు. బిగినర్ మెట్టులో ఈ అంకె ఎప్పుడూ తొమ్మిదే; ఎప్పుడడిగినా ఒప్పుకుంటాడు. మానియాకల్‌లో ఎప్పుడూ మైనస్ తొమ్మిది. కాళ్ల మీద పడ్డా ఒప్పుకోడు. మధ్య మెట్లవాళ్లకు మాత్రం ఒక చిన్న సూత్రం ఉంది. సున్నా నుంచి పది లోపు ఏదో ఒక అంకెను పాచిక వేసినట్టు తీస్తుంది. అందులోంచి 'చిరాకు' అన్న ఇంకో అంకెను తీసేస్తుంది. ఈ చిరాకు దేన్నిబట్టి పెరుగుతుందంటే, ముఖ్యంగా మీరు ఎన్నిసార్లు శాంతి అడిగారన్న లెక్కనుబట్టి. స్వభావం ఎంత దుడుకైతే అంత హెచ్చుగా.

అంటే శాంతి కోరిన ప్రతిసారీ శాంతి ఒక అడుగు దూరమవుతుంది. తెరవెనక ఉన్న రాజనీతి మొత్తం ఇంతే. మీరెంత దగ్గర్లో ఉన్నారు, మీ ఇద్దరికీ ఏ గ్రహం మీద కన్నుంది, మీకు స్నేహితులెవరు, గతంలో ఏం జరిగింది, ఇవేవీ లెక్కలో లేవు. ఇవన్నీ చూడాల్సినవే, ప్రస్తుతానికి మాత్రం కొంత యాదృచ్ఛికంగా పోనిద్దాం అన్న అర్థంలో రాసినవాళ్లే ఫైల్లో ఒక గమనిక పెట్టుకున్నారు. నాకు ఈ నిజాయితీ తెగ నచ్చింది. కోట్ల రూపాయలు పెట్టి ఏఐ అమ్మేవాళ్ల కరపత్రాల్లో ఇలాంటి వాక్యం ఒక్కటైనా చూశారా?

తిరుపతి వేంకట కవుల నాటకాల్లో కృష్ణుడు హస్తినకు వెళ్లి అయిదూళ్లయినా ఇమ్మన్నప్పుడు దుర్యోధనుడి మంకుపట్టు వెనక జూదమూ, సభా, అడవీ, చిన్ననాటి కక్షలూ ఉంటాయి. ఇక్కడి దుర్యోధనుడి వెనక ఉన్నవి ఒక పాచికా, రాయబారాల లెక్కా. అయినా ఆడేవాడికి తేడా తెలియదు. మూడోసారి అడిగితే కసురుకున్న శత్రువును చూసి 'వీడికి పొగరెక్కింది' అని మనమే కథ అల్లుకుంటాం. గేములు రాసేవాళ్ల బతుకంతా మనలోని ఈ గుణం మీదే నడుస్తోందని నా నమ్మకం.

యుద్ధం దగ్గరకొస్తే మాత్రం దృశ్యం మారుతుంది. సైన్యం ఫైల్, దండయాత్ర ఫైల్ పెద్దవి, జాగ్రత్తగా రాసినవి. ప్రతి నక్షత్రం దగ్గరా ముప్పు ఎంతో అంకె వేస్తుంది. తన ఓడల దెబ్బకొట్టే బలం, దెబ్బ తట్టుకునే బలం కలిపి ఇంకో అంకె వేస్తుంది. రాజధాని రక్షణకు ముందు తీసిపెట్టి, మిగిలింది ఎక్కడికి పంపాలో పంచుతుంది. ఒక గ్రహం మీద పడాలంటే అక్కడున్న సైనికులకంటే కాస్త ఎక్కువమందినే పంపుతుంది. ఆ గ్రహం అంత ఖర్చుకు తగునా అని కూడా చూస్తుంది. దౌత్యం పాచికల మీద, యుద్ధం పద్దు పుస్తకం మీద నడుస్తాయన్నమాట. మనల్ని ఓడించేది రెండోదే. మనకు గుర్తుండేది మొదటిది.

ఇంకో మంచి సంగతి. ఈ ప్రత్యర్థి దొంగాట ఆడదు. ప్రతి కంప్యూటర్ సామ్రాజ్యమూ వేరే ప్రోగ్రామ్‌గా నడుస్తూ, మనలాగే సర్వర్‌కు ఆదేశాలు పంపుకోవాలి. తన స్కౌట్లు చూసిందే దానికి కనిపిస్తుంది. పేరున్న గేముల్లో చాలావాటిది వేరే దారి. 2016లో వచ్చిన 'స్టెల్లారిస్'లో కష్టం మెట్టు పెంచితే శత్రువుల తెలివి పెరగదు, వాళ్ల ఖజానాకు ఉత్పత్తి బోనస్ వచ్చి పడుతుంది. దాన్ని తెలివి అని ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు.

చరిత్ర కావాలన్నవారికి గబగబా: 1983లో ఆస్ట్రేలియాలో రోజర్ కీటింగ్, ఇయాన్ ట్రౌట్ కలిసి 'రీచ్ ఫర్ ద స్టార్స్' తెచ్చారు. 1993లో సిమ్‌టెక్స్ సంస్థ తరఫున స్టీవ్ బార్సియా రూపొందించిన 'మాస్టర్ ఆఫ్ ఓరియన్' వచ్చింది, మైక్రోప్రోస్ విడుదల చేసింది. దాన్ని పరిచయం చేస్తూ అలన్ ఎమ్రిచ్ అనే రచయిత అన్వేషణ, విస్తరణ, వినియోగం, విధ్వంసం అన్న నాలుగు పనులకూ కలిపి 'ఫోర్ ఎక్స్' అన్న పేరు పెట్టాడు. ఆ ముద్ర ఈ జాతి గేములన్నిటికీ అంటుకుపోయింది. 1996లో రెండో భాగం, 2003లో అభిమానులను ఉసూరుమనిపించిన మూడో భాగం. అటారీ దివాలా తీశాక 2013లో హక్కులు వార్‌గేమింగ్ చేతికి పోయాయి, 2016లో మళ్లీ కొత్తగా చేశారు. ఫ్రీఓరియన్ పేరులోని ఓరియన్ ఆ ఇంటిదే.

బాక్స్: ముప్ఫైయేళ్ల కిందటి ముఖాలు

తొలి 'మాస్టర్ ఆఫ్ ఓరియన్'లో పది జాతులు. సైలాన్లు పరిశోధనలో దిట్టలు, డార్లాక్‌లు గూఢచారులు, బుల్రాతీలు నేలమీద కొట్లాటలో ఎలుగుబంట్లు. ప్రతి కంప్యూటర్ రాజుకూ ఒక స్వభావం, ఒక లక్ష్యం అంటగట్టేవారు. క్రూరుడు, శాంతికాముకుడు, నిలకడలేనివాడు, మాట నిలబెట్టుకునేవాడు వంటి స్వభావాలు ఆరు, లక్ష్యాలూ ఆరు. గెలాక్సీలో మూడింట రెండు వంతులు నిండాక పాతికేళ్లకోసారి మహాసభ కూడేది. మూడింట రెండు వంతుల ఓట్లు వచ్చినవాడే చక్రవర్తి. ఒక్క ఓడ మునగకుండా, ఓట్లలో ఓడిపోయి ఆట ముగిసిన వాళ్లెందరో! నా అభిమానం ఇప్పటికీ ఈ పాతదానికే.

బాక్స్: పోటీ నుంచి తప్పుకొమ్మనిపించుకున్న ప్రోగ్రామ్

1981లో కాలిఫోర్నియాలో 'ట్రావెలర్' అనే కాగితం మీది గేమ్‌కు నౌకాదళాల పోటీ పెట్టారు. లక్ష కోట్ల క్రెడిట్ల బడ్జెట్‌లో దళాన్ని కట్టుకుని రావాలి. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన డగ్లస్ లెనట్ తను రాసిన 'యూరిస్కో' ప్రోగ్రామ్‌తో నిబంధనలన్నీ నమిలించి 96 ఓడలు పట్టుకొచ్చాడు. కదలిక తక్కువ, కవచం మందం, చిన్న ఆయుధాలు కొల్లలు. అందరూ నవ్వారు, అందరూ ఓడారు. మరుసటి ఏడు నిబంధనలు మార్చారు. దెబ్బతిన్న సొంత ఓడలను తానే ముంచేసి దళం వేగం కాపాడుకుని యూరిస్కో మళ్లీ గెలిచింది. ఇంకోసారి వచ్చి గెలిస్తే పోటీయే ఎత్తేస్తామన్నారు నిర్వాహకులు. లెనట్ తప్పుకున్నాడు. గెలుపులో అరవై పాళ్లు తనది, నలభై ప్రోగ్రామ్‌ది అని ఆయనే లెక్క కట్టాడు.

బాక్స్: మీరూ ఆడతారా?

ఫ్రీఓరియన్ విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. పిల్లలకు పైథాన్ నేర్పించే ఉపాధ్యాయులు ఒకసారి ఆ ఫైళ్లు తెరిచి చూపించండి. ఒక అంకె మార్చి మళ్లీ ఆడితే శత్రువు ప్రవర్తన మారడం కళ్లముందే కనబడుతుంది. కొత్తవాళ్లు టర్టిల్ మెట్టు దగ్గర మొదలుపెట్టండి. స్కౌట్లను మొదటి టర్న్ నుంచే తిప్పండి, సెంటినెల్, సెంట్రీ వంటి కాపలా రాక్షసులున్న నక్షత్రాల దగ్గరకు వలస ఓడలు పంపకండి. శాంతి అవసరం పడితే పదే పదే అడగొద్దు. మానియాకల్‌ను అయితే ఒక్కసారి కూడా అడగొద్దు, ఆ టర్న్‌లో ఇంకో యుద్ధనౌక కట్టుకోండి.